నాలుగున్నర అని చెప్పలేదు

ఏడేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చూడటానికి అది పెద్దదేం కాదు. రెండే మాటలు. "నేను చెప్పాను." మా ఆయనతోనూ, మా అమ్మాయితోనూ రోజుకి పదిసార్లు అనే మాటే. కానీ ఒక ఆదివారం సాయంత్రం పదిమంది ఆడవాళ్ళ మధ్య నిలబడి అన్న ఆ మాట ఇప్పటికీ నన్ను వదల్లేదు. అన్నం కలుపుకుంటుంటే గుర్తొస్తుంది. ట్రైన్‌లో తలుపు పక్కన నిలబడితే గుర్తొస్తుంది. ఎవరైనా నన్ను మెచ్చుకుంటే మరీ గుర్తొస్తుంది.

నా పేరు మీకు చెప్పను. పిరికిదాన్ని అనుకోండి, నిజమే. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ళకి చెప్పాలని చాలాసార్లు నోటిదాకా తెచ్చుకుని అక్కడే మింగేశాను. ఇక మింగడం నా వల్ల కావడం లేదు.

ముందు మా ఆట సంగతి చెప్పాలి. సింగపూర్‌లో ఉండే తెలుగు ఆడవాళ్ళం కొంతమందిమి కలిసి ఏటా బాస్కెట్‌బాల్ పోటీలు పెట్టుకుంటాం. నాలుగు జట్లు. పాతికేళ్ళ పిల్లల దగ్గర్నుంచి యాభైకి దగ్గరపడ్డ నాలాంటి వాళ్ళదాకా ఉంటాం. బ్యాంకుల్లో, సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో వారమంతా కూర్చుని నడుములు పట్టేసినవాళ్ళం. మా మొగుళ్ళకి ఇది నవ్వులాట. మాకు కాదు. ఒంగోల్లో హైస్కూల్లో మొదలుపెట్టి జిల్లా జట్టుదాకా ఆడి, పెళ్ళయ్యాక పదిహేనేళ్ళు బంతి ముట్టుకోని నాకు అసలే కాదు. ఇక్కడ మళ్ళీ బంతి పట్టుకున్న రోజు ఇంటికొచ్చి స్నానాలగదిలో ఏడ్చాను. సంతోషంతోనే.

ప్రతి సీజన్‌కీ కొత్తగా చేరేవాళ్ళని ఒక ఆదివారం పిలిచి ఆడించి చూస్తాం. ఆ తర్వాత జట్టుకి ఒకరిని ఎంచుకుంటాం. అమెరికా ఆటలు చూసే మొగుళ్ళ పుణ్యమా అని పేర్లు మాత్రం ఘనంగా ఉంటాయి. ఎంపికని డ్రాఫ్ట్ అంటాం, కొత్తగా వచ్చినామెని రూకీ అంటాం. ఎవరు ముందు ఎంచుకోవాలన్నది చీటీలు వేసి తేలుస్తాం. ఆ ఏడు మాకు చివరి చీటీ వచ్చింది.

మా కెప్టెన్ వసంత. కర్నూలు మనిషి, నాకంటే మూడేళ్ళు చిన్న. మేముండే హౌగాంగ్‌లోనే, మా ఎదురు బ్లాకులో ఉంటుంది. నేను వైస్ కెప్టెన్‌ని. బంతిని వెనక నుంచి ముందుకి తీసుకెళ్ళి, ఎవరు ఖాళీగా ఉన్నారో చూసి అందించే ఆట నాది. జట్టులో ఆ పని ఒక్కరే చేస్తారు. అప్పటికి నాలుగేళ్ళుగా నేనే చేస్తున్నాను. నాకప్పుడు నలభై ఒకటి.

మా వంతు వచ్చేసరికి చెప్పుకోదగ్గవాళ్ళు ఇద్దరే మిగిలారు. ఒకరు హారిక. విజయవాడ పిల్ల, ఆరడుగులకి రెండంగుళాలు తక్కువ. కాలేజీ జట్టులో ఆడింది. బుట్ట కింద నిలబడి చెయ్యెత్తితే చాలు. ట్రయల్స్ రోజున మోకాలికి పట్టీ వేసుకొచ్చిందని మిగతా మూడు జట్లూ భయపడి వదిలేశాయి. రెండో ఆమె సమీనా. హైదరాబాద్ అమ్మాయి, ఇరవై తొమ్మిదేళ్ళుంటాయి. క్లెమెంటిలో గది అద్దెకి తీసుకుని, అక్కడి యూనివర్సిటీలో పరిశోధన చేసుకుంటోంది. పొట్టిగా, సన్నగా ఉంది. ఆ రోజు ఆమె విసిరిన బంతుల్లో సగం బుట్టలో పడలేదు.

వసంత సమీనాని ఎంచుకుంది.

నన్ను అడక్కుండా కాదు. పక్కకి పిలిచే అడిగింది. నేను హారిక అన్నాను. వసంత తల అడ్డంగా ఊపి, "బంతి చేతిలో ఉన్నెప్పుడు అందురూ ఆడతారు అక్కా. లేనెప్పుడు ఆ పిల్ల యాడుంటాందో చూస్తివా?" అంది. నేను చూడలేదన్నాను. సరే, కెప్టెన్ మాట కెప్టెన్‌ది, వెళ్ళి పేరు రాయించింది. అక్కడితో నేను ఊరుకుని ఉండాల్సింది.

ఊరుకోలేదు. ఆ వారమంతా నా నోరు ఊరుకోలేదు. లిఫ్టులో కనబడ్డవాళ్ళతో అన్నాను, ఫోన్ చేసినవాళ్ళతో అన్నాను, కూరగాయల దగ్గర దొరికినామెతో కూడా అన్నాను. చేతికందిన ఎత్తు పిల్లని వదిలేసి బుట్టలో బంతి వెయ్యలేని పిల్లని తెచ్చుకున్నాం, ఈ ఏడు మన పని గోవిందా అన్నాను. అంత గట్టిగా అన్నాక ఇక వెనక్కి తీసుకోవడానికి లేదు. సమీనా బాగా ఆడిందంటే నా ముఖం ఎక్కడ పెట్టుకోను? ఆడకూడదు. అలా ఎవరితోనూ అనలేదు గానీ, లోపల అనుకోవడం మొదలుపెట్టాను. మన జట్టు మనిషి ఆడకూడదని మనమే కోరుకోవడం ఎంత నీచమో అప్పుడు తోచలేదా? తోచింది. పక్కకి నెట్టేశాను.

మా జట్టుకో ఆనవాయితీ ఉంది. సీజన్ మొదటి ప్రాక్టీసు రోజున కొత్త బంతికి పసుపు రాసి బొట్టు పెడతాం, కొబ్బరికాయ కొడతాం, రూకీ చేత మొదటి బంతి వేయిస్తాం. ఆ తర్వాతే ఆమెకి జెర్సీ ఇచ్చి, మా ఫోన్ గ్రూపులో చేరుస్తాం. అప్పటిదాకా కబుర్లు చేరవెయ్యడం వైస్ కెప్టెన్ పని. అంటే నాది. ఇంకో నియమం కూడా ఉంది. ముందు ఏడాది ఎవరో పేరు ఇచ్చి పత్తా లేకుండా పోయిందని పెట్టుకున్న నియమం. మొదటి ప్రాక్టీసుకి చెప్పకుండా మానేస్తే, వారంలోగా జట్టు ఇంకొకరిని తీసుకోవచ్చు.

ప్రాక్టీసు ఆదివారం సాయంత్రం ఆరింటికి పెట్టుకున్నాం. నాలుగున్నర నుంచి ఆరుదాకా రాహుకాలమని ఇంటి నుంచి తెచ్చుకున్న కేలండర్‌లో ఉంది కాబట్టి, అది దాటాక మొదలుపెడదామని. సమీనాకి ఆ సంగతి నేనే చెప్పాను. ఆరింటికి రమ్మన్నాను. "తప్పకుండా వస్తానక్కా" అంది.

శనివారం సాయంత్రం కామేశ్వరి ఆంటీ వసంతకి ఫోన్ చేశారు. ఆంటీ ఇక్కడికొచ్చి ముప్ఫై ఏళ్ళు దాటింది. ఆడరు గానీ మా బంతికి బొట్టు పెట్టేది ఆవిడే. ఆవిడ వసంతకి పెట్టిన చీవాట్లు ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకుంటాం. కేలండర్ లెక్క సూర్యుడు ఆరింటికి లేచే ఊళ్ళకి, ఇక్కడ ఏడింటికి లేస్తాడు, ఇక్కడ ఆదివారం రాహుకాలం ఐదున్నర దాటాక పట్టుకుని ఏడుదాకా ఉంటుంది, మీరు ఆరింటికి కొబ్బరికాయ కొడితే సరిగ్గా నట్టనడిమిన కొట్టినట్టు అని. వసంత హడలిపోయింది. ఎండయినా పర్వాలేదు, నాలుగున్నరకే మొదలుపెట్టేద్దామంది. గ్రూపులో అందరికీ పెట్టింది. నాకు విడిగా ఫోన్ చేసి, "సమీనాకి నువ్వు చెప్పక్కా" అంది.

చెప్తానన్నాను.

ఇక్కడ నేను చాలా జాగ్రత్తగా రాయాలి. ఏడేళ్ళలో ఈ చోటుని నాకు నేను ఎన్నో రకాలుగా చెప్పుకున్నాను. మర్చిపోయానని చెప్పుకున్నాను. ఆ పూట మా అమ్మాయికి జ్వరమని చెప్పుకున్నాను. జ్వరం నిజమే, కానీ అది ముందు వారం. ఫోన్ చార్జింగ్‌లో ఉందని కూడా చెప్పుకున్నాను. అవేవీ కాదు. ఫోన్ చేతిలోనే ఉంది. సమీనా పేరు తెరిచాను. "రేపు ఆరింటికి కాదు, నాలుగున్నరకి" అని టైపు చేశాను. కాసేపు దాన్ని చూశాను. తర్వాత ఒక్కొక్క అక్షరమే చెరిపేశాను.

ఇంకో పని కూడా చేశాను. హారికకి ఫోన్ చేశాను. "రేపు నాలుగున్నరకి మా ప్రాక్టీసు ఉంది, ఊరికే చూడటానికి రా, బూట్లు వేసుకునే రా" అన్నాను. దీన్ని మతిమరుపు అంటారా ఎవరైనా? ఒకరికి చెప్పడం మర్చిపోయిన మనిషి ఇంకొకరికి గుర్తుపెట్టుకుని ఎలా చెప్తుంది?

ఆదివారం నాలుగున్నరకి ఎండ మాడు పగలగొడుతోంది. మా బ్లాకుల మధ్య కోర్టు కాలిన పెనంలా ఉంది. ఆంటీ బంతికి బొట్టు పెట్టారు. సమీనా కోసం పావుగంట ఆగాం. వసంత రెండుసార్లు ఫోన్ చేసింది, ఎత్తలేదు. ఫోన్ సైలెంట్‌లో ఉండి చూసుకోలేదని తర్వాత తెలిసింది. ఐదున్నర దాటితే రాహుకాలం పట్టుకుంటుందని ఆంటీ తొందర. మా వాళ్ళలో ఒకామె, "రాహుకాలం గోల మనది, వాళ్ళకేం పడుతుంది?" అంది. అందరూ కాస్త నవ్వారు. నేను ఆ మాట అనలేదు. కానీ ఆ మాట నాకు పనికొస్తుందని ఆ క్షణంలోనే నాకు అర్థమైంది. అందుకే నోరు మెదపలేదు. అన్న మనిషి కంటే నాదే ఎక్కువ తప్పు, ఎందుకంటే సమీనా ఎందుకు రాలేదో అక్కడున్న అందరిలో నాకొక్కదానికే తెలుసు.

మొదటి బంతి ఎవరు వెయ్యాలి? హారిక ఉందిగా అన్నాను. హారిక వేసింది. బుట్ట అంచు కూడా తగలకుండా దిగింది. చప్పట్లు కొట్టాం. అందరికంటే గట్టిగా నేను కొట్టాను.

ఆరింటికి ఐదు నిమిషాలు ఉందనగా సమీనా వచ్చింది. క్లెమెంటి నుంచి రెండు రైళ్ళు మారి, గంట ప్రయాణం చేసి, ముందే వచ్చానన్న సంతోషంతో నవ్వుకుంటూ వచ్చింది. చేతిలో ఒక డబ్బా. అందరి కోసం ఇంట్లో చేసిన ఖుబానీ కా మీఠా, హైదరాబాద్ తీపి, తెచ్చింది. మేమందరం చెమటలు కక్కుకుంటూ, నీళ్ళు తాగుతూ, బూట్లు విప్పుకుంటూ కూర్చున్నాం. ఆమె నవ్వు ఎలా తగ్గిపోయిందో నేను చూశాను.

"ఏం సమీనా, నాలుగున్నరకి గదా?" అంది వసంత.

"ఆరింటికి కదక్కా?"

వసంత నా వైపు తిరిగింది. "నువ్వు చెప్పలేదా అక్కా?"

"నేను చెప్పాను" అన్నాను.

గొంతు వణకలేదు. అది నాకు ఇప్పటికీ ఆశ్చర్యం. సమీనా నన్ను చూసింది. కోపంగా కాదు. ఏదో లెక్క సరిచూసుకుంటున్నట్టు చూసింది. తర్వాత వసంతతో, "అవునక్కా, అక్క చెప్పింది. నేనే మర్చిపోయిన" అంది.

నేను సిద్ధపడింది దీనికి కాదు. ఆమె కాదంటుందని, నేను అవునంటానని, ఫోన్లు తీసి చూసుకుంటామని అనుకున్నాను. "మెసేజ్ కాదు, నోటితో చెప్పాను" అని జవాబు కూడా ముందే వెతికిపెట్టుకున్నాను. ఆ జవాబు వాడే అవసరమే ఆమె నాకు రానివ్వలేదు.

అందరూ సర్దుకుంటుంటే, స్టేషన్‌దాకా ఆమెతో నడవమని వసంతే నాకు చెప్పింది. కొత్తపిల్ల నొచ్చుకుని ఉంటుంది, నువ్వు పెద్దదానివి, నాలుగు మంచి మాటలు చెప్పు అంది. నడిచాను. సగం దూరం వచ్చేశాం. తర్వాత ఆమే అంది.

"అక్కా, మీరు నాకు చెప్పలే కదా."

నేను రోడ్డు వైపు చూశాను.

"అందరి ముందట మిమ్మల్ని ఎట్ల అంట? మీరు పెద్దోళ్ళు, నేను నిన్నగాక మొన్న వచ్చిన. అందుకే నేనే మర్చిపోయిన అన్న. కానీ వసంతక్కకి మీరు ఒక్కమాట చెప్పుండ్రి. మర్చిపోయిన అనే చెప్పుండ్రి. అండ్ల తప్పేముంది, అందరం మర్చిపోతం."

"సరే" అన్నాను.

"ఈడ నాకు ఎవ్వరు లేరక్కా. ల్యాబుల పొద్దంత ఒక్కదాన్నే. ఇంటోళ్ళతోని ఫోన్ల మాట్లాడుడే. ఆదివారం ఒక్కరోజన్న మనోళ్ళ మధ్యల ఉంటా అనుకున్న."

"చెప్తాలేమ్మా" అన్నాను.

ఆమె నా చెయ్యి పట్టుకుని ఒకసారి నొక్కి, మెట్లు దిగి వెళ్ళిపోయింది. డబ్బా అక్కడే కోర్టు దగ్గర వదిలేసి వచ్చింది. మా వాళ్ళు తిన్నారు, చాలా బాగుందన్నారు. నా కోసం కొంచెం దాచారు. నేను తినలేదు. అది నా మంచితనం కిందకి రాదు, ఊరికే చెబుతున్నాను.

చూడండి, నేను చెరిపేసిన మెసేజ్ ఒక తప్పు. "చెప్పాను" అన్నది రెండో తప్పు. ఆ రెండూ అయ్యాక కూడా నాకు వారం రోజులు గడువుంది. క్షమాపణ కూడా అక్కర్లేదంది ఆ పిల్ల. నా చేతికి ఒక సాకు కూడా తనే ఇచ్చింది. మర్చిపోయాను అని చిన్న అబద్ధం ఆడితే చాలు, పెద్ద అబద్ధం మాసిపోతుంది. సోమవారం చెబుదామనుకున్నాను. మంగళవారం ఆఫీసులో పనుంది. బుధవారం వసంత లిఫ్టు దగ్గర కనబడింది, పక్కన వాళ్ళత్తగారున్నారు. ఇలా ఒక్కో రోజుకీ ఒక్కో కారణం దొరికింది. కావాలని వెతికితే ఎన్నయినా దొరుకుతాయి.

గురువారం వసంతే ఫోన్ చేసింది. "ఏం చేద్దాం అక్కా? ఆ పిల్లకి ఇంకో చాన్సు ఇద్దామా?" అని అడిగింది. ఆమె గొంతులో ఆశ ఉంది. నేను ఇద్దామంటే చాలు. నేనేమన్నానో తెలుసా? "నీ ఇష్టం వసంతా, కెప్టెన్‌వి నువ్వు. కానీ మొదటిరోజే మర్చిపోయిన మనిషి..." అని ఆపేశాను. మిగతాది ఆమెనే అనుకోనిచ్చాను. అవతల ఫోన్‌లో వసంత ఒక నిట్టూర్పు విడిచింది.

శనివారం సమీనా నుంచి మెసేజ్ వచ్చింది. "అక్కా, చెప్పిన్రా?" అంతే ఉంది. చదివాను. నేను చదివినట్టు ఆమెకి తెలుస్తుందని కూడా తెలుసు. జవాబివ్వలేదు. ఆమె మళ్ళీ ఎప్పుడూ రాయలేదు.

ఆదివారం వసంత హారిక పేరు రాయించింది.

ఆ ఏడు మేమే గెలిచాం. ఈ కథలో నన్ను ఎక్కువగా తినేసేది ఇదే. ఓడిపోయి ఉంటే నా తప్పుకి ఏదో ఒక శిక్ష పడినట్టుండేది. హారిక నిజంగానే బాగా ఆడింది, మోకాలికి ఏమీ కాలేదు. ఆఖరి ఆటలో చివరి బంతి ఆమెదే. కప్పు పట్టుకుని ఫోటోలు దిగాం. అందరూ నా వీపు తట్టారు. నీ కన్ను గొప్పదన్నారు, మొదటి రోజే చెప్పావన్నారు. వసంత కూడా అంది. అందరి ముందే, మనస్ఫూర్తిగా, "నాదే తప్పు అంచనా, అక్కదే రైటు" అంది.

తర్వాతి ఏడు కెప్టెన్‌గా ఉండనంది. మనుషుల్ని చూసి పోల్చుకోవడం తనకి రాదట. ఎంత చెప్పినా వినలేదు. ఇంకో రెండేళ్ళకి ఆడటం కూడా మానేసింది. ఇంట్లో పనులన్నది, పిల్లవాడి చదువన్నది. అవి నిజమే కావచ్చు. కానీ తన కంటి మీద తనకే నమ్మకం పోయిన మనిషి ఆటలో ఎలా ఉంటుంది? ఆ నమ్మకాన్ని తీసేసింది నేను. ఆమె ఇప్పటికీ మా ఇంటికొస్తుంది, టీ తాగుతుంది, తన కొడుకు ఏం చదవాలో నన్ను సలహా అడుగుతుంది. నువ్వు మనుషుల్ని బాగా పసిగడతావక్కా అంటుంది.

కెప్టెన్ పదవి నాకొచ్చింది. తీసుకున్నాను. వద్దనాలని ఒక్క పూట కూడా అనిపించలేదు.

సమీనాని ఇంకొక్కసారి చూశాను. ఏడాది గడిచాక అనుకుంటాను. మా అమ్మాయి పని మీద తనతో క్లెమెంటి వెళ్ళి, మధ్యాహ్నం తినడానికి అక్కడి హాకర్ సెంటర్‌కి, తిండి దుకాణాలన్నీ ఒకచోట ఉండే చోటికి, వెళ్ళాను. జనం. ఖాళీ టేబుల్ కోసం వెతుకుతుంటే, ఒక టేబుల్ మీద చోటు పట్టి ఉంచడానికి, ఇక్కడి మాటలో చోప్ చేసినట్టు, టిష్యూ పాకెట్ పెట్టి ఉంది. నలుగురు కూర్చునే టేబుల్. ఆ టిష్యూ పెట్టినామె పళ్ళెం పట్టుకుని వచ్చి కూర్చుంది. సమీనా. ఎవరి కోసమో పెట్టుకుందేమో, ఇంకెవరైనా వస్తారేమోనని స్తంభం పక్కన నిలబడి చూశాను. ఎవరూ రాలేదు. ఒక్కతే తిన్నది, ఫోన్ చూసుకుంటూ, నెమ్మదిగా. మూడు కుర్చీలు ఖాళీ. పదడుగులు వేస్తే ఆమె ఎదురుగా కూర్చునేదాన్ని. మా అమ్మాయి, "మమ్మీ, దేర్ గాట్ సీట్ లా, వై ఆర్ యూ స్టాండింగ్?" అంటోంది. ఆకలి లేదని చెప్పి అమ్మాయిని లాక్కుని బయటికొచ్చేశాను. తర్వాత ఆమె చదువు ముగించుకుని ఇంకేదో దేశం వెళ్ళిందని ఎవరో అన్నారు. ఏ దేశమో నేను అడగలేదు.

నన్ను నేను చాలాసార్లు ప్రశ్నించుకున్నాను. ఆమె ముస్లిం కాబట్టి అలా చేశానా? కాదని జవాబు వెంటనే వచ్చింది. అంత వెంటనే వచ్చిన జవాబుని నమ్మబుద్ధి కాలేదు. ఇంకోసారి అడిగాను. ఆమె పేరు వేరేదైతే, రాహుకాలం గురించి ఆ మాట ఎవరూ అనకపోయేవారు. ఆ మాట లేకపోతే, సమీనా మర్చిపోయిందన్నది మా వాళ్ళకి అంత తేలిగ్గా ఎక్కేది కాదు. అంటే నేను ఆమె పేరుని వాడుకున్నాను. ద్వేషించకపోయినా వాడుకున్నాను. ఇది తక్కువ తప్పా? కాదనే అనుకుంటున్నాను.

మరి ఇన్నేళ్ళు ఊరుకుని ఇప్పుడెందుకు రాస్తున్నాను? పోయిన నెల మా జట్టు కొత్త కెప్టెన్ ఇంటికొచ్చింది. ఇరవై ఆరేళ్ళ పిల్ల. ఈ ఏడు డ్రాఫ్ట్‌కి ముందు ఎంపిక చేసేవాళ్ళందరినీ కూర్చోబెట్టి నన్ను మాట్లాడమంది. "ఆంటీ, ఆ ఇయర్ అందరూ ఒకటంటే మీరొక్కరే ఇంకోటన్నారంట గదా. ఎలా తెలిసింది ఆంటీ మీకు? అది చెప్పండి చాలు" అంది. నోట్సు రాసుకుంటానని పుస్తకం కూడా తెస్తానంది. నేను ఆలోచించి చెప్తానన్నాను. ఆ రోజు నుంచి ఆలోచిస్తూనే ఉన్నాను. ఎలా తెలిసింది? ఏం తెలిసింది?

ఇప్పటిదాకా మీకు చెప్పినదంతా నిజమే. కానీ ఒకటి దాటేశాను. పైన ఒక చోట, నా మాట నెగ్గాలని, ముఖం ఎక్కడ పెట్టుకోవాలని అలా చేశానని రాశాను. చదువుకుంటే సబబుగానే ఉంది. పట్టుదలకి పోయిన మనిషి కథలా ఉంది. అలాగే వదిలేద్దామని కూడా అనిపించింది. అలా వదిలేస్తే ఇది ఒప్పుకున్నట్టు కాదు.

ట్రయల్స్ రోజున వసంత నన్ను పక్కకి పిలిచి, బంతి లేనప్పుడు ఆ పిల్ల ఎక్కడుంటోందో చూశావా అని అడిగింది కదా. చూడలేదన్నాను కదా. చూశాను. వసంత కంటే ముందే చూశాను. ఆట మొదలైన ఐదు నిమిషాలకే చూశాను. సమీనా బంతి వెయ్యడానికి రాలేదు, ఆడించడానికి వచ్చింది. ఎవరు ఏ మూలకి వెళ్తారో వాళ్ళకంటే ముందు ఆమెకి తెలుస్తోంది. తల తిప్పకుండా బంతి అందిస్తోంది. కాళ్ళలో వేగం ఉంది, నా కాళ్ళలోంచి అప్పటికే పోయిన వేగం. ఆమె ఆడేది నా ఆట. జట్టులో ఒక్కరే ఆడే ఆట. హారిక వస్తే బుట్ట కింద నిలబడుతుంది, నా చోటు నాకే ఉంటుంది. సమీనా వస్తే, రెండు వారాలో మూడు వారాలో, నేను బెంచీ మీద కూర్చుంటాను. పదిహేనేళ్ళు పోగొట్టుకుని మళ్ళీ తెచ్చుకున్న ఆట, ఇంకో నాలుగేళ్ళు ఆడగలిగేదాన్నేమో, ఆ పొట్టి పిల్ల ఒక్క మధ్యాహ్నంలో పట్టుకుపోతుందని భయపడ్డాను.

వసంత ఎంపిక తప్పని నేను ఒక్కరోజు కూడా అనుకోలేదు. అది రైటని అక్కడున్న అందరికంటే నాకే బాగా తెలుసు. అందుకే ఆ మెసేజ్ చెరిపేశాను.

వసంతకి చెప్తానో లేదో ఇప్పుడు మాటివ్వలేను. మాటివ్వడంలో నేనెంత నమ్మకస్తురాలినో చూశారు. సమీనాని వెతకడం కష్టం కాదని నాకు తెలుసు, కానీ ఆమె బతుకులోకి మళ్ళీ వెళ్ళి నా బరువు ఆమె చేతిలో పెట్టే హక్కు నాకుందా అన్నది తెలియదు. ఈ మాట కూడా సాకేనేమో. కొత్త కెప్టెన్‌కి మాత్రం పొద్దున ఫోన్ చేశాను. నేను రాను, నాకేమీ తెలియలేదు, నేను చెప్పినట్టు జరగడానికి నేనే ఒక తప్పు చేశాను అన్నాను. ఆ పిల్ల ఏం తప్పు ఆంటీ అని అడిగింది.

చెప్పాను. ఈసారి నిజంగానే చెప్పాను.